ఎదుటిపక్క జడ్జిగారు

జస్టిస్ ఈశ్వరప్ప గారి ముందు తన కేసు మాత్రం తాను చెప్పుకుని బయటపడినవాడు ఎవడూ లేడు. వకీలు వాదన ముగించి, గౌను సర్దుకుని, మోకాళ్లు వంచబోయే సమయానికి పైనుంచి ఒక శాంతమైన మాట వచ్చేది: "బాగుంది. ఇప్పుడు ఎదుటిపక్క చెప్పండి." చెప్పవలసింది ఎదుటి వకీలు కాదు. ఇంతసేపూ అబద్ధమనీ, మోసమనీ, చట్టానికే అవమానమనీ తాను దులిపేసిన ఆ వాదాన్ని ఈ వకీలే తన నోటితో చెప్పాలి. ఎట్లా చెప్పాలంటే, ఎదుటివాడు లేచి "అవును, నా మాట ఇదే" అని ఒప్పుకునేట్టు చెప్పాలి. ఒప్పుకునేదాకా కూర్చోవడానికి వీల్లేదు. ఈ పద్ధతి ఏ చట్టంలో ఉందని ఎవరూ అడగలేదు. అడిగితే, లేదనే వాదనను కూడా తామే రెండు వైపులా చెప్పవలసి వస్తుందని వారి భయం.

ఆయన తమిళనాడులో, ధర్మపురి జిల్లా మారండహళ్ళి పక్క రైతు కుటుంబంలో పుట్టినవారు. తెలుగులో పెరిగి, తమిళంలో చదివి, ఇంగ్లీషులో తీర్పులు రాశారు. మూడు భాషల్లోనూ ఎదుటిపక్క అడగడం మాత్రం మానలేదు. నేను ఆయన వకీలుగా ఉన్న రోజుల్లో జూనియరుగా చేరినవాణ్ణి. ఆయన హైకోర్టు జడ్జి అయి, కంపెనీల వ్యాజ్యాలన్నీ ఆయన బల్లమీదికే రావడం మొదలైన తరువాత నేను ధర్మపురిలో సొంత బోర్డు పెట్టుకున్నాను. అయినా ఏదో ఒక పని కల్పించుకుని మద్రాసు వెళ్లి ఆయన కోర్టులో వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. సినిమాకంటే చవక.

రెండు పెద్ద టైర్ల కంపెనీలు ఒకదాన్ని ఒకటి మింగాలని చూసుకుంటున్న కేసు ఒకటి వచ్చింది. ఢిల్లీ నుంచి విమానంలో దిగిన మహా వకీలు ఒకాయన ఉదయమంతా వాదించారు. ఎదుటిపక్క చెప్పమనేసరికి ఆయన నొచ్చుకుని, దానికి తనకు ఫీజు ముట్టలేదని విన్నవించారు. ఫీజు సంగతి తాను అడగలేదనీ, వాదన మాత్రమే అడిగాననీ జడ్జిగారు మర్యాదగా చెప్పారు. ఆయన పౌరుషం కొద్దీ మొదలుపెట్టి, ఎంత బాగా చెప్పారంటే, ఎదుటి కంపెనీ చైర్మన్ కన్నీళ్లు తుడుచుకుని "ఇదే నా మాట" అన్నాడు. భోజనాల వేళకు వరండాలో ఆ వకీలు విజిటింగ్ కార్డు కూడా అడిగి తీసుకున్నాడు. మధ్యాహ్నం నుంచి సొంత క్లయింటు ఆ వకీలుకు రెండు బెంచీల దూరంలో కూర్చున్నాడు.

చివరికి వకీళ్ల సంఘం పెద్దలు కొందరు కూడి, ఈ బాధ ఇక పడలేమని ఆయన గదికే వెళ్లి మొర పెట్టుకున్నారు. ఆయన అంతా ఓపిగ్గా విన్నారు. తరువాత తన పక్క ఏమిటో కొంచెం చెప్పమన్నారు. వారు చెప్పారు. చెప్పి, బయటికి వచ్చి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కాఫీ తాగి వెళ్లిపోయారు.

ఇంట్లోనూ ఇదే ధర్మాసనం. భార్య మునివెంకటమ్మ గారు పాలవాడు వడివేలు మీద ఫిర్యాదు చేస్తే, వడివేలు పక్క ఏమిటని అడిగేవారు. ఆమె కొంగు దోపుకుని వడివేలు తరఫున నిలబడేది. గడ్డి ధర పెరిగిందనీ, ఆవు ముసలిదయిందనీ, ఎండాకాలం ఆవు నీళ్లెక్కువ తాగితే అది వాడి తప్పా అనీ వాదించి, తన వాదనకు తానే కరిగి మరునాటి నుంచి ఇంకో పావు లీటరు ఎక్కువ పోయించుకునేది. అయితే ఆమె కూడా తక్కువది కాదు. ఒకరోజు చారులో ఉప్పెక్కువైందని ఆయన అన్నప్పుడు, "నా పక్క చెప్పండి చూస్తాం" అన్నది. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ఆమె ఒప్పుకోలేదు. మళ్లీ చెప్పారు. ఆమె తృప్తిపడేసరికి చారు చల్లారిపోయింది. దాన్నే మారు మాట లేకుండా తాగి లేచారు.

ఇదంతా ఒక నేర్పు అని నేను చాలాకాలం నమ్మాను. ఎదుటివాడి మాట సరిగ్గా చెప్పగలిగినవాడు తన మాటలో ఎక్కువ అబద్ధం ఆడలేడనీ, నిజాన్ని పిండడానికి ఆయన కనిపెట్టిన గానుగ ఇదనీ జూనియర్లకు గంభీరంగా బోధించేవాణ్ణి. వాళ్లు రాసుకునేవారు కూడా.

రిటైరయ్యాక ఆయన ధర్మపురిలో ఇల్లు కట్టుకున్నారు. పెద్ద కంపెనీలు తమ తగాదాలు మధ్యవర్తిగా తీర్చమని వెతుక్కుంటూ వచ్చేవి. మద్రాసులో పెద్ద హోటల్లో గది తీసుకుంటామంటే వద్దని, తన హాల్లోనే చాప పరిపించేవారు. ఆ చాపమీద ఒకవైపు నేను ఆయనకు సహాయకుడిగా కూర్చునేవాణ్ణి. 2008 వేసవిలో అక్కడికి గోవిందరాజు, కలైవాణి వచ్చారు.

వాళ్లు అన్నాచెల్లెళ్లు. పెరియంపట్టి దగ్గర వాళ్ల తండ్రి పెట్టిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. ఇద్దరికీ చెరి సగం. అన్న తోటలు తిరిగి కాయలు కొనేవాడు, చెల్లెలు గుజ్జును దేశదేశాలకు అమ్మేది. ఇట్లా అది పెద్ద కంపెనీ అయింది. పెద్దదయ్యాక పెద్ద కంపెనీలకు వచ్చే జబ్బే వచ్చింది. చెల్లెలికి చెప్పకుండా అన్న బోర్డు మీటింగు పెట్టి, కొత్త షేర్లు పుట్టించి, అన్నీ తన పేరే రాసుకున్నాడు. చెల్లెలి సగం ఒక్క పూటలో పదోవంతు అయింది. అప్పటి నుంచి రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. అన్న వకీలు కన్నప్పన్ గారు, చెల్లెలి వకీలు అన్బళగన్ గారు మాత్రం మాట్లాడుకునేవారు, అదీ ఇంగ్లీషులో. తన సగం తనకు రావాలని ఆమె పట్టు. తీర్పు ఎటు వచ్చినా ఓడినవారు హైకోర్టుకు పోతారనీ, అది తెమిలేలోగా ఫ్యాక్టరీకి తుప్పు పడుతుందనీ ఆ చుట్టుపక్కల మామిడి రైతులందరికీ తెలుసు.

వకీళ్ల వాదనలు, వారి ఎదుటిపక్క వాదనలు అన్నీ అయ్యాయి. ఇక తీర్పే అనుకున్నాం. అప్పుడు జడ్జిగారు వకీళ్లను పక్కకు జరగమని, అన్నాచెల్లెళ్లను చాపమీద ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇంట్లో మాట్లాడే తెలుగు మాటల్లో చెప్పమన్నారు. గోవిందరాజు చెల్లెలి పక్క చెప్పాలి, ఆమె అన్న పక్క. అదే సమయానికి కరెంటు పోయి ఫ్యాను ఆగింది. తమిళ వకీళ్లిద్దరూ నావైపు చూశారు. నేను దుబాసీ అవతారం ఎత్తాను.

గోవిందరాజు తువ్వాలుతో మెడ తుడుచుకుని మొదలుపెట్టాడు. "ఆ యమ్మ ఏం జెప్తాదంటే, అన్న మోసం చేసినాడంటాది. అదంతా ఉత్త అబద్ధం."

"గోవిందరాజూ, నువ్విప్పుడు ఆ పాప వక్కీలువప్పా," అన్నారు జడ్జిగారు. "నీ పార్టీనే అబద్ధమంటే ఎట్లా?"

రెండోసారి అతడు షేర్ల లెక్క చెప్పాడు. కలైవాణి అన్న వైపు చూడకుండానే, అది తన వకీలు మాట, తన మాట కాదు అన్నది. మూడోసారి వంతుకు ముందు మునివెంకటమ్మ గారు మజ్జిగ తెచ్చి పెట్టినా అతడు ముట్టలేదు. తరువాత చాప అంచు గిల్లుతూ, చెల్లెలి గొంతుతో అన్నట్టుగా చెప్పసాగాడు.

"ఫోను చేసింటే వచ్చిండేదాన్ని. మీటింగు దినం వాచ్‌మేనుకి గూడా టీ ఇచ్చినారంట. నాకు మాత్రం ఒక కాగితం రాలేదు. నా పంగు, ఆ సగం, పోతే పోనీలే. నన్ను అడగల్ల అనే నినుపే, ఆ తలంపే, మా అన్నకు రాలేదు. నేనొక మనిషినుండానని లెక్కలోకే తీసుకోలేదు."

చెప్పి, తాను చెప్పినదాన్ని తానే విన్నవాడిలా తల దించుకున్నాడు. కలైవాణి, "అవున్సార్. నా మాట ఇదే," అన్నది.

ఆమె వంతు వచ్చింది. అన్నకు పెత్తనం కావాలని ఒకసారి చెప్పింది. గోవిందరాజు తల అడ్డంగా ఊపాడు. ఆడదాని కింద పని చేయడం నామోషీ అని ఇంకోసారి చెప్పింది. అతడు బాధగా చూశాడు, అంతే. ఆమె మజ్జిగ గ్లాసు తీసుకుని, తాగకుండా చేతిలోనే పెట్టుకుని, ఈసారి అన్న నోటితో అన్నట్టుగా మాట్లాడింది.

"చెల్లెల్ని బెంగళూరు కంపెనీవాళ్లు సాప్పాటుకు పిలిచినారు. పోయింది. వచ్చి నాతో దాని సంగతి ఒక్క మాట చెప్పలేదు. ఊరంతా చెప్పుకునిరి, ఆ పాప తన పంగు వాళ్లకు అమ్మేస్తాదని. రైతులు గేటుకాడ నిలిపి అడిగినారు, వచ్చే ఏడు కాయలు నీకియ్యల్లా, బెంగళూరోళ్లకియ్యల్లా అని. నాకు జవాబు తెలీలేదు. మా నాయన పెట్టిన ఫ్యాక్టరీలో నేను కూలివాన్ని అవుతానేమో అని బయమైంది సార్. బయమైందని చెల్లెలికాడ చెప్పేకి సిగ్గు. అందుకని మీటింగు పెట్టినాను."

గోవిందరాజు తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు. "ఇది నీ మాటేనా?" అని జడ్జిగారు అడగవలసి వచ్చింది.

"నా మాటే సార్," అన్నాడు. "మా వక్కీలు సార్ ఇన్ని పేజీలు రాసినారు గదా, ఇది మాత్రం రాయలే."

ఏమన్నాడని కన్నప్పన్ గారు నన్ను అడిగారు. మీ శ్రమను మెచ్చుకున్నాడని అనువదించాను.

ఇంత జరిగాక తీర్పు ఎట్లా ఉంటుందో నాకు తెలిసిపోయిందనుకున్నాను. పెద్దాయన మనసు కరిగి, ఇటు కొంత అటు కొంత తెగ్గొట్టి, ఇద్దరినీ సర్దుతారు. వారం తరువాత ఆయన చెబుతూ ఉంటే రాసుకోవడానికి కూర్చున్నాను. కొత్త షేర్లన్నీ చెల్లవు. చెల్లెలి సగం చెల్లెలికి. ఖర్చులు అన్నవి. దయ అనేది మచ్చుకైనా లేదు. నేను కలం ఆపి, ఇంత కఠినమా అన్నాను.

"చట్టంలో గోవిందరాజుకు నిలబడేకి చోటు లేదప్పా. మొదటి దినం ఫైలు చూసినప్పుడే తెలుసు," అన్నారు.

"మరి ఇంత తతంగం ఎందుకు సార్? నిజం తేలడానికనుకున్నాను."

ఆయన కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "నిజం కాగితాల్లోనే ఉంటాది. నా దగ్గరికి వచ్చినోళ్లలో సగం మంది ఓడిపోయే పోయినారు గదా. గెలిచినోనికి తీర్పు ఇస్తాము. ఓడినోనికి ఏమిస్తాము చెప్పు? నా మాట ఎదుటోనికి అర్థమయింది అనేదొక్కటన్నా వాని చేతిలో పెట్టి ఇంటికి పంపల్ల. దానికి కోర్టు ఫీజు గూడా లేదు."

తరువాతి వాక్యం చెప్పడం మొదలుపెట్టారు. నేను వెంటనే రాయలేకపోయాను. టైర్ల కేసులో చైర్మన్ తుడుచుకున్న కన్నీళ్లు గుర్తొచ్చాయి. ఆ కేసులో ఓడింది ఆయనే. నేనేమో అంతకాలం గానుగ సిద్ధాంతం బోధిస్తూ తిరిగాను.

తీర్పు చదివిన రోజు హాల్లో అందరూ మళ్లీ ఆ చాపమీదే కూర్చున్నారు. జడ్జిగారు ముగించగానే కన్నప్పన్ గారు సంచిలోంచి కాగితం తీసి, హైకోర్టుకు పోవడానికి అంతా సిద్ధమనీ, కింద సంతకం పెడితే చాలుననీ గోవిందరాజు చెవిలో చెప్పారు. గోవిందరాజు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అందరం అతడి చేతినే చూస్తున్నాం. కలైవాణి మాత్రం గోడ వైపు చూస్తున్నది.

"ఆడ నా పక్క ఎవరు చెప్తారు సార్?" అని అడిగాడు.

తానే చెబుతానని కన్నప్పన్ గారు అన్నారు.

"వద్దులే సార్. చెప్పాల్సినోళ్లు చెప్పేసినారు," అని కాగితాన్ని చాపమీద పెట్టేశాడు. తరువాత రెండేళ్లలో మొదటిసారి చెల్లెలితో నేరుగా మాట్లాడాడు. "పాపా, వచ్చే వారం కాయలు దిగుతాయి. ఫ్యాక్టరీకి వస్తావా?"

"మీటింగు పెట్టి పిలువు. వస్తాను."

"కాగితం పంపల్లా?"

"పంపల్ల."

గోవిందరాజు కన్నప్పన్ గారి కలం అడిగి తీసుకున్నాడు. హైకోర్టుకని తెచ్చిన ఆ కాగితాన్నే వెనక్కి తిప్పి, మోకాలి మీద పెట్టుకుని, వంకర టింకర తమిళంలో నోటీసు రాశాడు. బోర్డు మీటింగు, సోమవారం, పెరియంపట్టి ఫ్యాక్టరీలో. విషయం, ఈ ఏటి కాయలు. చెల్లెలి చేతికి ఇచ్చాడు. ఆమె మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఒక్క తప్పు కూడా దిద్దకుండా అందినట్టు సంతకం పెట్టింది.

ఇక్కడ అన్బళగన్ గారిలోని వకీలు మేల్కొన్నాడు. మీటింగుకు నోటీసు ఇన్ని రోజుల ముందు ఇవ్వాలని కంపెనీ నిబంధనల్లో ఉందనీ, కాబట్టి ఇది చెల్లదనీ లేచి నిలబడి అభ్యంతరం తెలిపారు.

"మీరు కూచోండి సార్," అన్నది కలైవాణి, కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుంటూ. "మా అన్న సరిగ్గానే పిలిచినాడు."