వైరు పెట్టని బీపీ మిషన్

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. పశువైద్యం చదివాను. కంటికి కనిపించనిది ఉంటే అది సూక్ష్మక్రిమే అయ్యుండాలి అనుకునేదాన్ని. ఆ రోజు జరిగినదాన్ని మాత్రం ఏమనాలో తెలియదు.

బాన్సువాడలో మా క్లినిక్ చిన్నది. నేను, పన్నెండేళ్లుగా నాతో ఉన్న నర్సు సునీత, అంతే. ఉదయం పదకొండు గంటలకు కోటగిరి దగ్గరి తండా నుంచి సక్కుబాయి అనే పెద్దావిడ తన పిల్లిని గంపలో పెట్టుకుని షేర్ ఆటోలో వచ్చింది. గర్భసంచిలో చీము. మూడు రోజులుగా తిండి లేదు. ఆపరేషన్ చేయకపోతే బతకదు, చేస్తే మత్తుకు తట్టుకుంటుందన్న నమ్మకం లేదు. అదే చెప్పాను.

"ఇంట్ల నాతోని ఉండేది గిదొక్కతే డాక్టరమ్మా. చేయి" అంది.

మత్తులో ఉన్న పిల్లికి బీపీ చూడటం సులువు కాదు. ముందరి కాలి కింద వెంట్రుకలు తీసి, జెల్ రాసి, గోరంత సెన్సర్‌ను టేపుతో అంటిస్తాం. దాని వైరు పక్కనున్న చిన్న మిషన్‌కు పెడితే, రక్తం పారే చప్పుడు హుష్ హుష్‌మని వినిపిస్తుంది. కాలికి చుట్టిన పట్టీలో గాలి కొడితే చప్పుడు ఆగుతుంది. మెల్లగా గాలి వదులుతుంటే ఏ అంకె దగ్గర మళ్లీ వినిపిస్తే అదే బీపీ.

సెన్సర్ నేనే అంటించాను. సునీత మిషన్ ఆన్ చేసింది. చప్పుడు స్పష్టంగా వచ్చింది. మొదటిసారి చూస్తే తొంభై.

గర్భసంచి బయటికి తీస్తుండగా చప్పుడు పలచబడింది. పట్టీలో గాలి కొట్టి చూడమన్నాను. సునీత మెల్లగా "యాభై ఎనిమిది" అంది. అంత తక్కువైతే ప్రాణానికే ముప్పు. వెంటనే మత్తు గ్యాస్ తగ్గించి, సెలైన్ పెంచాం. తర్వాతి నాలుగు నిమిషాలు ఆ చప్పుడు వింటూనే కుట్లు వేశాను. నెమ్మదిగా అది బలపడింది. ఎనభై, ఆ తర్వాత తొంభై రెండు.

అంతా అయ్యాక మిషన్ వైరు తీయబోయిన సునీత నన్ను పిలిచి చూపించింది.

"నిన్న క్లినిక్ బంద్ జేసేటప్పుడు పిన్ను దిక్కు వైరు నేనే చుట్టి రబ్బరు బ్యాండు ఏసిన మేడం. ఇంకా గట్లనే ఉన్నది. మిషన్ల పెట్టుడే మర్చిన."

నేను వంగి చూశాను. పిన్ను మిషన్ వెనక చుట్టగానే పడి ఉంది. ఆ చివర దేనికీ తగిలి లేదు. మిషన్ ఇంకా ఆన్‌లోనే ఉంది కానీ, చప్పుడు లేదు.

భ్రమపడ్డామా అంటే, గోడ అవతల కూర్చున్న సక్కుబాయి నేను బయటికి రాగానే అన్న మొదటి మాట ఇది: "నడుమ జర సన్నగైంది గానీ సప్పుడు ఆగలే. గందుకే నేను ఫికర్ చేయలే."

సాయంత్రానికి పిల్లి కళ్లు తెరిచి ఆమె వేలు నాకింది. పదో రోజు కుట్లు తీయించడానికి వచ్చినప్పుడు గంపలో ఒక్క క్షణం నిలవలేదు.

ఆ మిషన్‌ను వైరు లేకుండా ఎన్నిసార్లు ఆన్ చేసి చూశానో లెక్కలేదు. ఎప్పుడూ పలకలేదు. బాగుచేసే అతను కూడా అలా పలికే వీలే లేదన్నాడు. కేసు షీటులో అంకెలన్నీ విన్నవి విన్నట్టే రాశాను. అవి ఎక్కడి నుంచి వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. అవి వినకపోయి ఉంటే గ్యాస్ తగ్గించేదాన్ని కాదు. అదొక్కటే నాకు తెలుసు.