కొడైకెనాల్ దారిలో అమ్మ

మా అమ్మకు కొడైకెనాల్ సరస్సు చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. పీలమేడు మిల్లులో పనిచేసే రోజుల్లో మా నాన్న ప్రతి వేసవిలోనూ "వచ్చే ఏడు పోదాం" అనేవాడు. ఆయన పోయాక ఆ మాట అనేవాళ్ళు కూడా లేకపోయారు. మొన్నటి మే నెలలో మా ఆయనే పూనుకుని కారు తీశాడు. ముందు ఆయనా మా అమ్మాయీ, వెనక నేనూ అమ్మా.

ప్రయాణమంటే అమ్మ మంచినీళ్ళు కూడా ముట్టదు. ఆ రోజు మాత్రం పళనిలో ఎండకు తాళలేక ఒక కొబ్బరిబోండాం తాగింది. కారులోంచే కొండ మీది స్వామికి దండం పెట్టుకుని, చిన్నపిల్లలా కిటికీకి ఆనుకుని కూర్చుంది.

ఘాట్ రోడ్డు సగం ఎక్కామో లేదో బండ్లన్నీ నిలిచిపోయాయి. పైన ఎక్కడో బస్సు చెడిపోయి అడ్డం పడిందన్నారు. ముందూ వెనకా ఎంత దూరం చూసినా కార్లే. మా ఆయన ఇంజను ఆపేశాడు.

కాసేపటికి అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మాకొక అలవాటు ఉంది. బయట నలుగురిలో గుట్టుగా చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే తెలుగులో చెప్పుకుంటాం. చుట్టూ ఉన్నవాళ్ళది అరవం కాబట్టి మా మాట మా మధ్యే ఉండిపోతుంది. కానీ ఆ కారులో అందరికీ తెలుగు వచ్చు. అమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"కన్నూ, ఒంటికి పోవాల."

దిగి చూశాను. ఒక పక్క నిలువెత్తు రాయి, మరో పక్క పిట్టగోడ, దాని అవతల లోయ. మా వెనక వ్యానులోంచి కాలేజీ కుర్రాళ్ళు దిగి పాటలు పెట్టుకుని ఫోటోలు తీసుకుంటున్నారు. ఇంకా పైకి పోతే టీకొట్టు ఉందని ఎవరో చెప్పారు గానీ, అమ్మ మోకాళ్ళు ఆ ఎత్తు ఎక్కలేవు.

"అమ్మా, తలుపులు రెండూ తెరిచి చీర అడ్డం పడతాను. ఎవరికీ కానరాదు."

"ఇంతమంది మొగోళ్ళ నడమనా? వద్దు కన్నూ. ఓర్చుకుంటా. ఇప్పుడు బండి కదిలిపోతుంది."

"ఏమైంది అత్తా?" అన్నాడు మా ఆయన వెనక్కి తిరిగి.

"ఏమీ లేదు, మీరు రోడ్డు చూడండి" అంది అమ్మ.

బండ్లు కాస్త జరిగి మళ్ళీ ఆగాయి. అమ్మ నుదుటి మీద చెమట పట్టింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు. కనిపించని ఆ బస్సును తిట్టుకున్నాను, కదలని బండ్లను తిట్టుకున్నాను. ఇంకాసేపటికి అమ్మ పట్టు సడలింది. మొహం కిటికీవైపు తిప్పేసుకుంది. సీటు మీద ఉన్న నా చీర అంచు తడిసింది.

"ముందర ఏమైందో చూసొస్తా" అని మా ఆయన దిగి, వెనక్కి చూడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మా అమ్మాయి తల తిప్పకుండానే తన శాలువా తీసి భుజం మీదుగా వెనక్కి అందించింది. దాన్ని అమ్మ ఒడిలో కప్పాను.

"మాపిళ్ళకు తెలిసిపోయిందా?" అల్లుణ్ణి అలాగే పిలుస్తుంది అమ్మ.

"లేదమ్మా."

నేను చెప్పింది ఆమె నమ్మలేదు.

లాడ్జికి చేరాక తన చీర తానే ఉతుక్కుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు. కింద మా ఆయన బకెట్టు పెట్టుకుని సీటు తుడుస్తుంటే, అమ్మ కిటికీలోంచి చూసి లోపలికి వచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున సరస్సు దగ్గర కారు ఆపితే దిగనంది.

"మీరు పోయి పడవెక్కి రాండి. నాకు ఈడ బాగుంది."

"మెల్లగా నడుద్దాము, రాండత్తా" అని మా ఆయన తలుపు తీసి చెయ్యి అందించాడు. అమ్మ వద్దని ఆయనకు అరవంలో జవాబిచ్చింది, "వేండాం, పరవాల్లే" అని, హోటల్లో కొత్త మనిషితో మాట్లాడినట్టు. ఇన్నేళ్ళలో ఆయనతో ఆమె తెలుగు తప్ప మాట్లాడింది లేదు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అవ్వా, నాకోసం రా" అని మా అమ్మాయి ఎంతో బతిమాలింది. చివరికి వాళ్ళిద్దరినీ పంపించి నేను అమ్మ పక్కన కూర్చున్నాను.

ఆగి ఉన్న రెండు వ్యాన్ల సందులోంచి కాస్త సరస్సు కనబడుతోంది. మంచులో హంస బొమ్మల పడవలు వచ్చి మాయమవుతున్నాయి.

"నీళ్ళు నల్లగా ఉన్నాయే" అంది అమ్మ.

"అవునమ్మా."



ఊరికి తిరిగి వచ్చాక అమ్మ మళ్ళీ కారెక్కలేదు. తిరుప్పూరులో దగ్గరి బంధువుల పెళ్ళికి బస్సులో అయినా రమ్మన్నాం, కదలలేదు. ఇంతకుముందు వారానికొకసారైనా మా ఇంటికి వచ్చేది, ఇప్పుడు మేమే వెళ్తున్నాం. "ఆ వయసులో ఎవరికైనా అవుతుందమ్మా, దానికి ఇంత ఎందుకు?" అని ఒకరోజు అడిగేశాను. వంకాయలు తరుగుతున్న అమ్మ తల ఎత్తి, అర్థం కానట్టు చూసింది.

"ఏమి అవుతుంది? ఏమయిందిప్పుడు?" అంది.

వంకాయ ముక్కల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.