మస్తాన్ పెన్‌డ్రైవ్‌ని తుడిచెయ్యబోయినవాళ్లకి

నిన్న పొద్దున చిలకలూరిపేటలో మిల్లు గేటు దాటుతుంటే ఫోన్ వచ్చింది.

"మస్తాన్ పోయాడ్రా."

ఏ మస్తాన్ అని అడిగాను. మన వైపు ఊరికి పదిమంది మస్తాన్‌లు ఉంటారు కదా, ఇంకెవరో అయ్యుండాలని ఆశ.

కాదు. మన వీడియో మస్తానే. గుండెపోటు. ఆస్పత్రికి తీసుకెళ్లే టైమ్ కూడా ఇవ్వలేదు.

మన స్కూలు బ్యాచ్‌లో సగం పెళ్లిళ్లు వాడే వీడియో తీశాడు. నోరు మాత్రం పచ్చిమిరపకాయ.

ఓసారి వాడి వీడియో షాపుకి ఒక పెళ్లికొడుకు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. "రైట్ ప్రొటెక్టెడ్ అని వస్తోందన్నా, పాటలు ఎక్కట్లేదు. ఫార్మాట్ కొట్టెయ్." అందులో ఉన్నది వాడి పెళ్లి వీడియోనే!

మస్తాన్ కుర్చీలోంచి లేచాడు. "ఒరేయ్, పక్కన చిన్న లాక్ ఉంటుందేమో ముందు చూడు. అదీ లేకపోతే పెన్‌డ్రైవ్ పాడైపోయే ముందు తలుపేసుకుందని అర్థం. ఉన్నదంతా కాపీ చేసుకుని దాన్ని అవతల పారెయ్. ఫార్మాట్ అంటావేంట్రా, బుద్ధుందా?"

బయట టీ తాగేవాళ్లంతా తిరిగి చూశారు.

ఇక నిన్నటి సంగతి. రాయాలంటేనే అసహ్యంగా ఉంది.

ప్రత్తిపాడులో వాళ్లింటికి వెళ్లేసరికి లోపల వాడికి స్నానం చేయిస్తున్నారు. వరండాలో మన బ్యాచ్ వాళ్లే ఇద్దరు లాప్‌టాప్ ముందేసుకుని నివాళి ఫ్లెక్సీ డిజైన్ చేస్తున్నారు. పేర్లు రాయను. చదువుతున్నారుగా, చదవండి.

ప్రింటింగ్ షాపుకి వాట్సాప్‌లో పంపితే ఫ్లెక్సీ మీద వేసే పార్టీ నాయకుడి ఫోటో మసగ్గా వస్తుందట! అందుకని మస్తాన్ తాళాలగుత్తికున్న పెన్‌డ్రైవ్ పీకి పెట్టారు. అదీ రైట్ ప్రొటెక్టెడ్ అంది.

వాడి కూతురు రేష్మా గుమ్మంలో నిలబడి బతిమాలుతోంది. "అంకుల్, అందులో నా చిన్నప్పటి వీడియోలున్నాయి. ఇంకెక్కడా లేవు."

"ఉండమ్మా, అర్జెంటు" అన్నాడు ఆ ఇద్దరిలో ఒకడు. తల కూడా ఎత్తలేదు.

ఛీ.

నెట్‌లో ఏదో చూసి నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొడుతున్నాడు. లాక్ తీసే కమాండ్ అప్పటికే కొట్టేశాడు. తర్వాత 'క్లీన్' అని టైప్ చేశాడు. అది నడిస్తే లోపల ఒక్క ఫైలూ మిగలదు. ఎంటర్ కొట్టడమే తరువాయి.

చెయ్యి పట్టుకుని లాగేశాను. నోటికొచ్చినట్టు తిట్టాను. శవం ఉన్న ఇంట్లో ఆ అరుపులేంటని నన్నే తప్పుపట్టారు కొందరు. పట్టుకోండి.

ఫ్లెక్సీ ఎలాగోలా సెంటర్‌లో కట్టారు. నాయకుడు నిలువెత్తు. మస్తాన్ ఓ మూలన అరచేయంత.

ఖననం అయ్యాక కూర్చుని అన్నీ కాపీ చేసి రేష్మాకి ఇచ్చాను. పాప ఒక వీడియో పెట్టింది. వాటిల్లో ఎక్కడా మస్తాన్ కనిపించడు, ఎప్పుడూ కెమెరా వెనకే కదా.

గొంతు మాత్రం ఉంది.

"రేష్మా, ఇటు చూడమ్మా. ఆఁ, ఇటు. నాన్న ఇక్కడున్నాడు."

పాప స్క్రీన్ వైపు చూడలేదు. కళ్లు మూసుకుని వింది. మళ్లీ పెట్టమంది.

వెళ్లిరారా మస్తాన్. భుజం మీంచి ఆ కెమెరా దించి పడుకో. అల్లా నీకు చల్లని చోటివ్వాలి.