వడిసెల వీరమ్మ చేతిమీది తేలు

శివలీల గీసిన బొమ్మల కథ సెల్‌ఫోన్లలో ఊరంతా తిరిగింది. అది తిరిగినప్పటి నుంచి ఆమె మేనత్త సిద్దమ్మ కూలికి పోవడం మానేసింది. మొదట జ్వరమంది, తర్వాత కాళ్లనొప్పులంది. ఆ మీదట ఏమీ చెప్పకుండా వాకిలి ఓరగా వేసుకుని లోపలే కూర్చుంది. అది జ్వరమూ కాదు, నొప్పులూ కాదని శివలీలకు తెలుసు. తెలిసి కూడా పొద్దున్నే తలొంచుకుని కోయిలకుంట్ల బస్సెక్కేది.

తల్లి పోయాక శివలీలను పెంచింది సిద్దమ్మే. పిల్ల ఇప్పుడు ఫ్లెక్సీల అంగడిలో పనిచేస్తుంది. పుట్టినరోజు ఫ్లెక్సీల మీద నాయకుల తలలు అతికించి, వెనకాల ఒక సింహాన్ని నిలబెట్టడం ఆమె పని. ఎవరూ నేర్పలేదు. గీసి, చెరిపి, మళ్లీ గీసి నేర్చుకుంది. బేరాలు లేనప్పుడు సొంత బొమ్మలు వేసుకునేది.

ఒకరోజు ఫోన్‌లో ఏదో చదువుతుంటే గ్రీకుల పాత కథ ఒకటి కంటబడింది. అమెజాన్లనే ఆడవాళ్ల దండు ఉండేదట. విల్లు లాగేటప్పుడు అడ్డం రాకుండా కుడి రొమ్ము తీయించుకునేవారట. శివలీల అక్కడే ఆగి, ఆ మాట మళ్లీ చదివింది. ఏడాది కిందటే కర్నూలు ఆసుపత్రిలో సిద్దమ్మకు రాచపుండు ముదిరిందని కుడి రొమ్మే తీసేశారు.

ఊరికి మాత్రం కడుపులో గడ్డ అని చెప్పుకున్నారు. రవికె లోపల పాత చీరగుడ్డ మడిచి పెట్టుకుని సిద్దమ్మ మళ్లీ చేలకు పోసాగింది. ఆసుపత్రి నుంచి వస్తూ బస్సులోనే మేనకోడలి చేత చేతిలో చెయ్యి వేయించుకుంది.

"నీ నోట ఈ మాట రాకూడదు పాపా. మొగుడు సచ్చినాడంటే నలుగురొచ్చి ఏడుస్తారు. ఇది పోయిందంటే ఎనకమాల నగుతారు."

మాట శివలీల నోట రాలేదు, నిజమే. బొమ్మలో వచ్చింది.

ఆ బొమ్మల కథలో నాయిక వడిసెల వీరమ్మ. జొన్నచేలో మంచె మీద నిలబడి, వడిసెలలో రాయి పెట్టి గిర్రున తిప్పి వదిలిందంటే చెరువుమట్టి దోచుకుపోయే లారీల అద్దాలు భళ్లున పగిలేవి. ఆమెకు కుడిపక్క రొమ్ము లేదు. ఉండాల్సిన చోట తోలుపట్టీ బిగించి ఉంటుంది. మొహం అత్తది కాకుండా శివలీల జాగ్రత్తపడింది. ముక్కు మార్చింది, వయసు తగ్గించింది. చేతి దగ్గరికొచ్చేసరికి మాత్రం అలవాటు ఆమెను మోసం చేసింది. చిన్నప్పుడు జాతరలో పచ్చబొట్టు పొడిపించుకుంటూ, నొప్పికి ఓర్వలేక సిద్దమ్మ మధ్యలోనే చెయ్యి లాక్కుంది. ముంజేతి మీద తేలు వచ్చింది గానీ తోకకు కొండి రాలేదు. శివలీలకు అన్నం కలిపి పెట్టిన చేయి అదే. బలమైన ఆడమనిషి చేయి గీయాలంటే ఆమెకు ఇంకో చేయి తెలియదు. కొండి లేని తేలును కూడా గీసేసి, అలాగే ఫోన్‌లో నలుగురికీ పంపింది.

చుట్టుపక్కల అటువంటి తేలు ఒక్కటే ఉంది.

కూలి ముఠాలో ముందుండే గిడ్డమ్మ వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపింది: "ఏమి సిద్దక్కా, నీ తేలు సెల్లులోకి పాకిందే! మాకు చెప్పకుండా సినిమాలో చేరితివా ఏంది?" వెనకనుంచి ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. ఆ నవ్వులు ఉన్నట్టుండి ఆగాయి. ఎవరో, "అమ్మా, ఆ పక్క చూడు..." అంటుండగా రికార్డు ఆగిపోయింది. ఆ తర్వాత గిడ్డమ్మ ఏమీ పంపలేదు.

ఓరగా వేసిన ఆ వాకిలిని శివలీల ఎన్నాళ్లో చూడలేకపోయింది. ఒక సాయంత్రం అత్త ముందు కూర్చుంది.

"తుడిచేస్తా అత్తా. అంతా తీసేస్తా."

"యాడ తుడుస్తావు? అందరి సెల్లుల్లో దూరి తుడుస్తావా?"

"నిన్ను గొప్పగానే చూపిచ్చినా గదా. అందరూ శానా బాగుండాదంటాండారు."

"గొప్పో తక్కువో, నన్నడిగినావా?"

చేతిలో చెయ్యి వేసిన సంగతి సిద్దమ్మ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే శివలీలకు కొంత తేలికపడేది.

"రేపు అంగడికి పోవద్దు," అంది సిద్దమ్మ చివరకు. "నాతో శనగచేనికి రా. గడ్డని నేను అబద్ధం చెప్పినా. అది నేను చెప్పుకుంటా. నీది నువ్వు చెప్పు."

మరునాడు మధ్యాహ్నం కలుపు ఆపి ఆడవాళ్లంతా గట్టు మీద జొన్నరొట్టెల మూటలు విప్పారు. శివలీల కూర్చోకుండా నిలబడే ఉంది.

"ఆ బొమ్మలో ఉండేది అత్తే. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టిచ్చుకుంది. నేను అడగకుండా గీసినా. తప్పు నాది."

ఒకామె రొట్టె తుంచబోయి ఆగింది.

"మాకెందుకు చెప్తావమ్మే, ఆయమ్మకు చెప్పుకో," అంది గిడ్డమ్మ. సిద్దమ్మ వైపు జరిగి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి ఆమె రొట్టె మీద వేసింది. "నగితిమి సిద్దక్కా. తెలీక నగితిమి. నొప్పి ఉండాదా ఇంకా?"

సిద్దమ్మ రొట్టె తుంచి పచ్చడి అద్దుకుంది.

"కడుపులో గడ్డని మీకు అబద్ధం చెప్పినా గిడ్డమ్మా. నొప్పి పుండుకాడ కాదు. ఈ చెయ్యి పైకి లేయదు. జడేసుకుందామంటే సగానికే నిలబడిపోతాది. రాత్రి పక్కకు తిరిగితే చంకలో ఎవురో తాడు పట్టుకుని లాగినట్టుంటాది."

"అట్లయితే కలుపు ఎట్ల తీస్తివి ఇన్నాళ్లు?"

"ఎడంచేత్తో. మీరు చూల్యా?"

ఆడవాళ్లు దగ్గరకు జరిగారు. ఒకరు అడుగుతుంటే ఒకరు వింటున్నారు. సిద్దమ్మ చెబుతూనే ఉంది, మధ్యలో రొట్టె తింటూ.

శివలీల ఆ వలయానికి బయట, గట్టు చివర కూర్చుంది. ఏడాదిగా అదే ఇంట్లో, అదే వంటింట్లో తిరిగింది. వీరమ్మ కుడిచేత్తో వడిసెల తిప్పే బొమ్మ కోసం ఎన్నిసార్లో చెరిపి గీసింది. నొప్పి ఉందా అని గిడ్డమ్మ ఇప్పుడడిగిన మాట తాను ఒక్కసారి కూడా అడగలేదు.