కంటికి ఓర్చే లైటు

నాకు రాయడం అలవాటు లేదు. చదివింది ఐదో తరగతి. పూతలపట్టు కూడలిలో పంచర్ షాపు పెట్టుకున్నాను. అయినా ఆ లైటు సంగతి ఒకటి రాయాలనిపించింది.

మా ఇంటామెకు కన్ను ఆపరేషన్ అయింది. ట్యూబులైటు వేస్తే కన్ను మండుతుంది, ఆపితే గోడకు గుద్దుకుంటుంది. నాయుడుపేటలో వాళ్ల చెల్లెలి ఇంట్లో వెలుగు తగ్గించుకునే లైటు ఉందట. నెల రోజులు అక్కడే ఉంటానని సంచి సర్దింది. ఆమె లేకపోతే ఇంట్లో నాకు కాలు నిలవదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, అలాంటి లైటు నేనే చేస్తానన్నాను.

"నువ్వా? మిక్సీ విప్పి మూడేండ్లయింది. ఇంగా బిగిస్తానే ఉండావు."

"రేపు సాయంత్రం దాకా టైమియ్యి మే."

"సరే. ఎలగలేదంటే ఎల్లుండి పొద్దున బస్సుకు పోతా."

చిత్తూరులో సామాన్ల డబ్బా కొన్నాను. అందులో ఒక చెక్క, దాని మీద అంటించే చిన్న లైట్ల పట్టీ, వైర్లు, అడాప్టరు, అరచేతిలో పట్టే నల్ల పెట్టె ఉన్నాయి. పెట్టె మీద గుండ్రటి గుర్తు. దాని మీద వేలు ఆనిస్తే వెలుగు తగ్గుతుంది, పెరుగుతుంది అని అంగడాయన చెప్పాడు. కాగితం నిండా ఇంగ్లీషే, అందుకని బొమ్మలు చూసి చేశాను. మొదట ఎర్ర వైరు, నల్ల వైరు తిరగేసి బిగించాను, వెలగలేదు. మార్చి బిగిస్తే వెలిగింది. గుర్తు మీద వేలు పెట్టాను, చెప్పినట్టే తగ్గింది. సంబరంగా చేతులు కడుక్కోవడానికి పోయాను.

తిరిగి వచ్చేసరికి లైటు దానంతట అదే తగ్గుతోంది, పెరుగుతోంది.

"ఏందిది, ఊపిరి తీస్తా ఉండాది?" అంది ఆమె, కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని.

కిటికీలు మూసిన గదిలో పెట్టెను బోర్లించి వైర్లన్నీ విప్పాను. మళ్లీ బిగించాను. అదే వరస. ఇంకోసారి విప్పాను. వేళ్లకు ఏదో అంటుతోంది, లుంగీకి తుడుచుకున్నాను. పంచర్లు వేసేవాడి చేతులకు ఎప్పుడూ ఏదో ఒకటి అంటుతూనే ఉంటుంది. పొద్దు వాలుతోంది. ఆమె ఇంకో చీర మడిచి సంచిలో పెట్టింది.

"ఏమయ్యా, లుంగీ ఏంది పసుప్పచ్చగా ఉండాది?"

పెట్టెను తిప్పి చూశాను. గుండ్రటి గుర్తు మీద తడి పసుపు, దాని మీద కుంకుమ.

"ఎవురు మే దీనికి బొట్టు పెట్టింది?"

"నేనే. నువ్వు సేతులు కడిగేదానికి పోయినప్పుడు. కొత్త సామాను బొట్టు పెట్టకుండా యాడన్నా వాడతారా?"

"పోయి పోయి ఆ గుర్తు మీదనే పెట్టల్లా?"

"నడిమద్దిన గుండ్రంగా ఉండాదే. బొట్టు పెట్టేదానికే అనుకుంటి."

ఆ తడినే అది వేలు అనుకున్నట్టుంది. పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాను. లైటు కుదురుగా వెలిగింది. వేలు ఆనించి బాగా తగ్గించాను. ఆమె చేయి మెల్లగా దించి, కాసేపు అటే చూసింది. కన్ను మండలేదు. లేచి చెక్క మూలన మళ్లీ బొట్టు పెట్టింది.

తర్వాత సంచిలోని చీరలు ఒక్కొక్కటే బయటికి తీస్తూ చెల్లెలికి ఫోను చేసింది.

"ఈ నెల రాలేను మే. ఈయన్ను ఒంటిగా వదిలితే ఫ్యాను గూడా విప్పేటట్టుండాడు."

నేను విననట్టు కింద పడ్డ వైరు ముక్కలు ఏరుకుంటూ ఉన్నాను.