సార్ నా కోసం ఆడిన అబద్ధం

ఆ మంగళవారం పొద్దున నల్గొండలో ఆటో కోసం నిలబడి ఉంటే మా అమ్మ ఫోన్ చేసింది. "సైన్స్ సార్ పోయిండు బిడ్డా. చాయ్ తాగుకుంట కుర్చీలనే ఒరిగిండట" అంది. ఆటో వచ్చింది, ఎక్కలేదు. ఇంకొకటి వచ్చింది, అదీ వెళ్లిపోయింది. ఏడుపు రాలేదు. 'ఇక ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే' అన్న ఆలోచన వచ్చింది. దానికి నాకే సిగ్గేసింది. అప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

మర్రిగూడ దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన చాలా ఏళ్లు సైన్స్ చెప్పారు. నాకూ చెప్పారు. డిగ్రీ అయ్యాక నేను అదే బడిలో విద్యా వాలంటీరుగా చేరితే స్టాఫ్ రూములో ఆయన పక్క కుర్చీ దొరికింది. అది ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఆయన మాట్లాడరు కదా, ఎవరు కూర్చుంటారు! మీటింగుల్లో తలుపు పక్కన, చెప్పులకు దగ్గరగా కూర్చునేవారు. పెళ్లికి పోతే మొదటి బంతిలో తిని, ఎవరూ పలకరించకముందే సైకిలెక్కేవారు.

పేపరు మాత్రం పెన్సిలు పట్టుకుని చదివేవారు. నాయకుల మాటల్లో 'త్వరలో' అని కనబడితే పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టేవారు. 'శాస్త్రవేత్తలు తేల్చారు' అని ఉన్నా అదే గుర్తు. అందరి మీదా సమానంగా అనుమానమే. వేలిముద్రతో హాజరు వేసే యంత్రం వచ్చినప్పుడు, చాక్‌పీసు పట్టి పట్టి అరిగిన ఆయన బొటనవేలిని అది గుర్తుపట్టేది కాదు. "నేను వచ్చిన్నో లేదో దానికే తెల్వాలె. నాదేముంది" అని మళ్లీ వేలు పెట్టేవారు.

నేనింకా ఆ బడిలో చదువుకుంటున్న రోజుల్లో, తెలంగాణ వచ్చినప్పుడు ఊరంతా రంగులు చల్లుకుంటుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. మిఠాయి నోట్లో వేసుకుని, మాకు ఒకే మాట చెప్పారు. "సంబురం చేసుకోండ్రి. గాని రేపటి సంది ఎక్కువ అడగాలె. పరాయోణ్ని అడిగినదానికంటె మనోణ్ని గట్టిగ అడగాలె." ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే "నాకు తెల్వది, చూద్దాం" అనేవారు. తెలియదని ఒప్పుకునే ఇంకో సార్‌ను నేను చూడలేదు.

మా వైపు నీళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడుతో నడుములు వంగినవాళ్లు ప్రతి వాడలోనూ ఉన్నారు. నల్లా నీళ్లు వచ్చాక కూడా ఆయన సెలవుల్లో ఒక చిన్న పెట్టె పట్టుకుని బోరింగులు, నల్లాలు, ట్యాంకులు తిరిగేవారు. సీసాలోని మందు నాలుగు చుక్కలు వేస్తే నీళ్లు ఎర్రగా ఉండాలి. పసుపుకు తిరిగితే ఫ్లోరైడు ఎక్కువని అర్థం. మూడుసార్లు చూశాకే నోటుబుక్కులో రాసేవారు. నేనూ వెంట వెళ్లేదాన్ని.

బస్‌స్టాపు దగ్గర ఒక అక్క మంచినీళ్ల ప్లాంటు నడిపేది. ఆమె భర్తకు నడుము పూర్తిగా వంగిపోయింది. పొలం పని చేతకాక ఇద్దరూ ఆ ప్లాంటు పెట్టుకున్నారు. మా ఇంట్లోనూ ఆ నీళ్లే తాగేవాళ్లం. ఒక మధ్యాహ్నం బడిలో ఆ నీళ్లను పరీక్ష చేస్తే పసుపుకు తిరిగాయి.

సార్ నొసలు ముడిచారు. "ఇట్ల రావొద్దు. సీసా పాతదేమో. కొత్తది తెచ్చి మల్ల చూస్త. అప్పటిదాక నోరు తెరవకు బిడ్డా."

నేను తలూపాను. అప్పటికే ఫోటో తీశాను.

ఎందుకు చేశానని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. మా అమ్మ మోకాళ్లు నొస్తున్నాయన్న భయం ఉంది. ఆ వార్త నా ఫోన్ నుంచే ఊరికి తెలియాలన్న ఆశ కూడా ఉంది. ఏది ఎక్కువో చెప్పలేను. ఊరి వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాను. నా మాట ఎవరు నమ్ముతారని పైన ఇంకో వాక్యం చేర్చాను: 'సైన్స్ సార్ అందరికీ చెప్పమన్నారు.'

సాయంత్రానికి ప్లాంటు ముందు జనం. క్యాన్లు రోడ్డు మీద పారబోశారు. ఎవరో బోర్డు మీద రాయి విసిరారు. "మీ పిల్లలు తాగే నీళ్లే మా పిల్లలు తాగుతుండ్రు" అని అక్క అరుస్తూనే ఉంది. ఆమె భర్త వంగిన నడుముతో క్యాన్లను ఒక్కొక్కటే ఏరుకుంటున్నాడు.

సార్ కొత్త సీసా తెచ్చారు. మూడుసార్లు చూశారు, మూడుసార్లూ నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. జిల్లా ల్యాబుకు పంపితే అక్కడా నీళ్లు మంచివేనని తేలింది. పంచాయతీ ముందు ఊరంతా కూడినప్పుడు, తలుపు పక్కన కూర్చునే మనిషి మైకు దగ్గరికి నడిచారు. ల్యాబు కాగితం పైకెత్తి చూపారు.

"పరీక్ష నాది. మందు పాతది, చూసుకోలే. ఆ నీళ్లల్ల ఏ దోషం లేదు. తప్పు నాది."

వెనక నుంచి ఒకాయన లేచాడు. "గ్రూపుల పెట్టమన్నది నువ్వేనా సార్?"

ఆడవాళ్ల వరుసలో ఉన్న నా వైపు ఆయన ఒక్కసారి చూశారు. "పెట్టమన్న" అన్నారు.

రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోని మనిషి ఆడగా నేను విన్న అబద్ధం అదొక్కటే. నేను లేవలేదు. నా కాలివేళ్లు చూసుకుంటూ కూర్చున్నాను.

ప్లాంటు మళ్లీ నిలదొక్కుకోలేదు. అక్క బడిలో వంటకు కుదిరింది. సార్ క్షమించమని అడగడానికి వాళ్లింటికి వెళితే ఆమె భర్త తలుపు వేసేశాడు. తర్వాత కరోనా టీకా వచ్చింది. నలుగురిలో నోరు విప్పని సార్ వేయించుకోండని ఇంటింటికీ తిరిగితే, "నీ పరీక్షలు మాకు ఎర్కలేవా సార్" అని నవ్వినవాళ్లున్నారు. ఆయన తలొంచుకుని పక్కింటికి వెళ్లేవారు. ఆ నవ్వు నా మీద పడవలసింది.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "ఎందుకట్ల చెప్పిండ్రు సార్?"

చాలాసేపు పెన్సిలు చెక్కుకున్నారు. "నువ్వు కొత్తగ చేరినవు. గా దినం నిన్ను నిలబెడితే ఇంకెన్నడు నోరు తెరవకపోదువు. నేను చేసింది మంచిదో కాదో నాకు తెల్వది బిడ్డా. అక్కకు, ఆమె పెనిమిటికి మాత్రం ఏదో ఒకనాడు నువ్వే చెప్పాలె."

చెబుతానన్నాను. బడి వదిలి నల్గొండలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. అక్కడ ప్రతి పరీక్షా మూడుసార్లు చేస్తాను, తోటివాళ్లు విసుక్కుంటారు. ఊరికి పోయిన ప్రతిసారీ ఆ ఇంటి ముందు నుంచే పోయాను. ఆగలేదు. ఆయన ఉన్నంతకాలం ఇంకా సమయం ఉందనిపించేది.

అంత్యక్రియలకు అక్క వచ్చి దూరంగా నిలబడింది. ఆమె భర్త రాలేదు. దినాలు అయిన మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అక్క బియ్యం చెరుగుతోంది. నిలబడే మొత్తం చెప్పేశాను. ఫోటో, ఆ వాక్యం, సార్ వద్దన్న మాట, అన్నీ.

అక్క చేట కింద పెట్టింది. "గిన్నేండ్లు ఏడవోయినవే? సార్ ఉన్నప్పుడు నీకు కాళ్లు లేవా?" అంది. ఇంకా తిడుతుందనుకున్నాను. చేట మళ్లీ తీసుకుంది, కానీ చెరగలేదు.

అతను మాత్రం నేల వైపే చూస్తూ, "అయితే సార్ పెట్టమనలే" అన్నాడు.

"అనలే బావా."

"తలుపేసిన నేను. మొఖం మీద ఏసిన."

అక్కను అంగీ తెమ్మన్నాడు. "ఎందుకు?" అంది ఆమె. "సారోళ్లింటికి పోవాలె. సార్ ఇంటామె ఉంటది గద" అన్నాడు. ఆసరాకు చేయి ఇవ్వబోయాను, వద్దన్నాడు. కర్ర పట్టుకుని బయలుదేరాడు. ఆ నడుముతో అతనికి దారి తప్ప ముందున్నదేదీ కనబడదు. నాలుగడుగులకోసారి ఆగి, కర్ర మీద రెండు చేతులూ ఆనించి ఊపిరి తీసుకుని, "ఇంకెంత దూరం?" అని అడుగుతున్నాడు. "దగ్గరికొచ్చినం బావా" అంటూ నేను రెండడుగులు వెనక నడుస్తున్నాను.