మొగులయ్య అల్లం చాయ్

ఇంద్రేశం ఊరి మొగులయ్యకు సొంత తమ్ముడే మందు పెట్టాడని పటాన్‌చెరు ఫ్యాక్టరీల రోడ్డు మీద చాలామంది నమ్మారు. వానాకాలంలో ఇంటి జాగ పంచుకునే దగ్గర అన్నదమ్ములకు మాటా మాటా వచ్చిందట. ఆ వారమే తమ్ముడి ఇంట్లో బోటికూర తిని మొగులయ్య మంచం పట్టాడట. అప్పటి నుంచి ఎవరు ఏమిచ్చినా వాసన చూడకుండా నోట్లో పెట్టడట. నమ్మనివాళ్లు ఆలంబీ చాయ్ బండి దగ్గరకు వచ్చి కళ్లారా చూసుకోవచ్చని కూడా చెప్పుకునేవారు.

వాసన చూసే మాట మాత్రం నిజం. ఆ సంగతి ఆలంబీకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. మొగులయ్య పొద్దున డ్యూటీకి పోతూ ఒకసారి, సాయంత్రం ఇంటికి పోతూ ఒకసారి ఆమె బండి దగ్గర మోపెడ్ ఆపేవాడు. గ్లాసును రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, ఆవిరంతా ముక్కులోకి పీల్చేవాడు. గ్లాసు దించి మళ్లీ ఎత్తేవాడు. ఆ తర్వాత ఆయన ముఖం చిన్నబోయేది. చాయ్ చల్లారాక కషాయం తాగినట్టు గటగటా తాగేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు.

అంతకుముందు ఆయన అలాంటి మనిషి కాదు. చాయ్ విషయంలో ఆయనకు ఎన్ని పట్టింపులో. అల్లం దంచి వేయాలి, తురిమి వేస్తే ఒప్పుకోడు. కాగితం కప్పు ముట్టడు, గాజు గ్లాసే కావాలి. చక్కెర తక్కువ, పొంగు రెండుసార్లు. ఒక గుక్క తాగి, "ఇయ్యాల అల్లం జెర ముదిరింది చెల్లె, మంచిగుంది" అనేవాడు. మసాలా పొడుల కంపెనీలో ధనియాలు, జీలకర్ర వేయించే పని ఆయనది. పిడికెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని "ఇగ దించుండ్రి" అన్నాడంటే దించాల్సిందే. అలాంటి ముక్కున్న మనిషి తన చాయ్‌ను మెచ్చుకుంటే, ఆలంబీకి ఆ పూటంతా చేతులు చురుగ్గా ఆడేవి.

ఇప్పుడు అదే ముక్కు ఆమె బండికి చేటు తెచ్చింది. రోడ్డు మీదికి కొత్తగా వచ్చినవాళ్లకు ఆ మందు కథ తెలియదు. వాళ్లు చూసేదల్లా, ఒక పెద్దమనిషి చాయ్ వాసన చూసి ముఖం మాడ్చుకోవడం. చూసి తమ గ్లాసుల్లోకి తొంగి చూసుకునేవారు. ఒడిశా నుంచి వచ్చిన ఒక వెల్డర్ అయితే, "రుకో భాయ్, పహలే చాచా చెక్ కరేంగే" అని, ముందు పెద్దాయన పరీక్ష కావాలంటూ తోటివాళ్లను ఆపాడు. అందరూ నవ్వారు. ఆలంబీ కూడా నవ్వింది. మరుసటి రోజు ఆ జట్టంతా రోడ్డవతల రంగుల లైట్లు పెట్టిన కొత్త చాయ్ దుకాణంలో కనిపించింది. సాయంత్రానికి క్యాన్‌లో పాలు మిగలడం మొదలైంది. ఇంటిల్లిపాదికీ ఆ బండే ఆధారం. మిగిలిన పాలు తోడు వేస్తూ ఆలంబీ ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పాలు పోసే మనిషిని మార్చింది. గిన్నెను చింతపండు పెట్టి తోమింది. కొత్త వడపోత గుడ్డ కొన్నది. యాలకులు ఎక్కువ వేసి చూసింది. ఏం చేసినా మొగులయ్య ముఖం అలాగే ఉండేది.

పక్కన కిరాణా కొట్టు నడిపే కమల రోజూ ఇదంతా చూస్తూనే ఉంది.

"ఆ మనిషిని రావొద్దని చెప్పరాదే ఆలంబీ. నీకు నోరు లేదా?"

"ఎట్ల చెప్పాలె అక్క? బండి పెట్టిన నాడు మొదటి చాయ్ ఆయనే తాగిండు."

"మొదటిది తాగిండని ఆఖరిది గూడ ఆయనకే పోస్తవా? బండి మూసుకున్నంక ఇద్దరు గూసొని తాగుండ్రి."

"రేపు చెప్త."

"నీ రేపు నేను నిన్నటి సంది ఇంటున్న."

ఆ రేపు సాయంత్రం ఆలంబీ మాటలన్నీ మనసులో కూర్చుకుని నిలబడింది. 'అన్నా, నీకు నా చాయ్ పడుతలేదు, అవతల తాగు' అంటే చాలు. గట్టిగా అనకూడదు, మెల్లగా అనాలి. స్టవ్ మీద చాయ్ మరుగుతూ ఉంది కానీ ఆమె కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. కమల కూడా వినడానికి కొట్టు బయట స్టూలు వేసుకుంది.

మోపెడ్ వచ్చి ఆగింది. మొగులయ్య దిగలేదు. ముఖం పైకెత్తి, అటూ ఇటూ చూసి, గట్టిగా అన్నాడు.

"చెల్లె, చాయ్ అడుగంటుతుంది."

తాగుతున్నవాళ్లంతా తలలు తిప్పారు. ఆలంబీకి చెవులు వేడెక్కాయి. మెల్లగా అనాలనుకున్నదంతా ఎగిరిపోయింది.

"చాలు అన్నా. ఇన్ని దినాలు గ్లాసు పట్టుకొని వాసన చూసినవ్, ఊకున్న. ఇయ్యాల బండి దిగకముందే వంక పెడుతున్నవా? నా చాయ్ నచ్చకుంటే..."

"ఆలంబీ," కమల స్టూలు మీద నుంచి లేచింది, "ముందు గిన్నె చూడవే. నిజంగనే మాడుతుంది."

ఆలంబీ వెనక్కి తిరిగి చూసింది. చాయ్ అంచుల వెంట నల్లబడుతోంది. స్టవ్ ఆపి, గుడ్డతో గిన్నె పట్టుకుని మోరీలో పారబోయబోయింది.

"పారబొయ్యకు, పారబొయ్యకు." మొగులయ్య మోపెడ్‌కు స్టాండు కూడా సరిగా వేయకుండా వచ్చేశాడు. "నా గ్లాసుల పొయ్యి. అదే పొయ్యి."

గ్లాసు తీసుకుని బల్ల మీద కూర్చున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఎవరూ నవ్వలేదు.

"మాడు వాసన," అన్నాడు. "దాని కిందికెళ్లి అల్లం. సన్నగ వస్తుంది గని, వస్తుంది." మాడిన చాయ్ అంతా తాగి ఇంకో గ్లాసు అడిగాడు. భుజం మీది తువ్వాలతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఏమైంది అన్నా?" ఆలంబీ గొంతులో కోపం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు.

"వానాకాలం జెరమొచ్చిందా, జెరం పోతూ పోతూ నా వాసన తీస్కపోయింది. ధనియాలు ముక్కుల పోసుకున్నా ఏం తెల్వకపోయేది."

"మరి కంపెనీల?"

"రంగు చూసి, చిటపట ఇని దించిన. ముక్కు పోయిందంటే పని పోతది గదా. అందుకే ఎవ్వరికి చెప్పలే."

"తమ్ముడు మందు పెట్టిండంటున్నరు మరి?" కమల ఉండబట్టలేక అడిగేసింది.

"వాడా?" మొగులయ్య ఆశ్చర్యంగా చూశాడు. "సంగారెడ్డిల డాక్టర్ కాడికి నన్ను తీస్కపోయిందే వాడు."

"అందరు అంటుంటే ఇన్న," అంది కమల.

"ఇన్నవా, అన్నవా అక్క?" అంది ఆలంబీ. కమల స్టూలు తీసుకుని లోపలికి పోయింది. లోపలి నుంచి ఆమె నవ్వు వినిపించింది.

ఆలంబీ గిన్నె తోమి మళ్లీ చాయ్ పెట్టింది. అల్లం దంచుతుంటే చేతుల్లోని బరువు దిగిపోయినట్టు అనిపించింది. రావొద్దని అనేదే, ఆ చాయ్ మాడకపోయుంటే మెల్లగానే అయినా అనేసేదే. ఆ మాట నోరు దాటలేదు, అది చాలు. మరునాడు పొద్దున మొగులయ్య గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "అల్లం లేతగుంది చెల్లె" అని సణిగాడు. ఆయన ముఖం మాడ్చకపోవడం చూసి రోడ్డు దాటి వచ్చిన వెల్డర్, "చాచా పాస్ కర్ దియే" అని, పెద్దాయన పాస్ చేశాడంటూ జట్టును పిలిచాడు.

మందు కథ చెప్పినవాళ్లకు తెలియనిది ఒకటుంది. నీకు అన్నిటికన్నా బాగా గుర్తున్న వాసన ఒకటి ఎంచుకుని, దాన్ని రోజూ పొద్దున, సాయంత్రం పీల్చమని డాక్టర్ మొగులయ్యకు చెప్పాడు. మొగులయ్య ఆలంబీ చాయ్‌ను ఎంచుకున్నాడు.